ఒడ్డు నుంచి పిలిచే గొంతు

"ఆ... అనండి. బిగపట్టకుండా, తాపీగా."

డాక్టర్ హైమవతి చెప్పినట్టే నూకరత్నం నోరు తెరిచి "ఆ" అంది. ఆమె కంఠం మీద అతికించిన పట్టీలో బియ్యపు గింజంత ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ అంది. మళ్ళీ ఎరుపే. ఈసారి నాలుక వెనుక భాగాన్ని కాస్త పైకెత్తి, నవ్వబోయే ముందు పెదవులు ఎలా ఉంటాయో అలా ఉంచి అంది. దీపం తటపటాయించి పచ్చబడింది.

"అదీ!" అని డాక్టరమ్మ బల్ల మీద చరిచింది. "ఇప్పుడు గొంతులో ఎలా ఉంది?"

"వేడి వేడి చేప ముక్క నోట్లో పెట్టుకోని, ఊదుకుంటా మాటాడతన్నట్టుంది," అంది రత్నం.

సముద్రం బీచ్ రోడ్డును సగం మింగేశాక విశాఖపట్నంలో చాలా మారాయి. లిఫ్టులు, ఆటోలు, రేషన్ షాపులు, చివరికి చెత్త డబ్బాలు కూడా మాట్లాడడం నేర్చాయి. అన్నీ ఆడగొంతుతోనే, అన్నీ తేనె పూసినట్టే మాట్లాడతాయి. అరటి తొక్క పారేయబోతే డబ్బా "దయచేసి తడి చెత్త ఇటువైపు" అని బతిమాలుతుంటే మనకే మొహమాటం వేస్తుంది. ఇంత మారిన ఊళ్ళో కూడా ఒక మనిషి తన గొంతు తాను మార్చుకోవాలంటే మాత్రం మొన్నమొన్నటి దాకా ఏళ్ళు పట్టేది. దాన్ని నెలలకు కుదించింది హైమవతి పట్టీ.

అదెలా పనిచేస్తుందో చెప్పుకుందాం. ఆడగొంతు అంటే సన్నటి గొంతు అని మనమంతా అనుకుంటాం. అందులో నిజం సగమే. ఒకే గరిటెతో గంగాళాన్నీ చెంబునీ కొట్టి చూడండి. కొట్టిన చెయ్యి ఒకటే, గరిటె ఒకటే, మోత వేరు. లోపలి ఖాళీ ఎంతుందో దాన్నిబట్టి మోత మారుతుంది. మగపిల్లలు ఎదిగే వయసులో హార్మోన్ వాళ్ళ స్వరతంత్రులను మందం చేసి, కంఠాన్ని కిందికి దించి, చెంబును గంగాళం చేస్తుంది. తర్వాత ఎన్ని ఈస్ట్రోజెన్ మాత్రలు మింగినా ఆ మందం తగ్గదు. అందుకే ట్రాన్స్ మహిళలు బాత్రూములో కుళాయి తిప్పుకుని, ఆ చప్పుడు చాటున, కంఠాన్ని పైకెత్తి లోపలి ఖాళీని చిన్నది చేసుకునే సాధన చేసేవారు. పట్టీలోని చిన్న అల్ట్రాసౌండ్ ఆ కంఠం ఎంత లేచిందో, నాలుక ఎక్కడుందో చూస్తూ ఉంటుంది. దారి తప్పితే చీమ కుట్టినంత అదురు, ఎర్ర దీపం. దారిలో ఉంటే పచ్చ దీపం. అంతకుమించి అది చేసేదేమీ లేదు. కష్టమంతా మనిషిదే.

రత్నం ట్రాన్స్ మహిళ. ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఓనర్ల సంఘం రేడియో గదిలో ఉద్యోగం. వేటకెళ్ళిన బోట్లకు గాలీ వానా కబురు చెప్పడం, ఎవరెక్కడున్నారో కనుక్కోవడం ఆమె పని. ఒడ్డు మీద ఆమెకిప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. చీర కట్టి, తలలో కనకాంబరాలు పెట్టుకుని వస్తుంటే మొదట్లో ఈలలు వేసినవాళ్ళే, ఏళ్ళు గడిచి, "అక్కా" అనడానికి అలవాటు పడ్డారు. చిక్కంతా రేడియోలోనే. రేడియోకి చీర కనబడదు, కనకాంబరాలు కనబడవు. పొద్దున్న జెట్టీ మీద "అక్కా, ఐసు ఎక్కించీసినాం" అని చెప్పి వెళ్ళిన పోలయ్య, బోటు నడిపే సరంగు, ఒడ్డు కనుమరుగయ్యాక ఆ బరువైన గొంతు వినగానే "సెప్పన్నా" అనేవాడు. పాపం అతనికి దురుద్దేశమేమీ లేదు. చెవి విన్నదాన్ని నోరు అనేసేది. రత్నానికి మాత్రం ప్రతిసారీ ప్రాణం చివుక్కుమనేది.

"సముద్రం మీంచి ఎవరో ఒకరు నన్ను అక్కా అనాల డాక్టరమ్మా. నాకింకేటీ వద్దు," అంది మొదటి రోజునే.

ఇంతకీ ఆడగొంతు అంటే ఇదీ అని పట్టీకి నేర్పిందెవరు? హైమవతే. వేలమంది ఆడవాళ్ళ గొంతులు పోగుచేసి దానికి వినిపించింది. టీవీలో వార్తలు చదివేవాళ్ళు, ఎయిర్‌పోర్టులో ప్రకటనలు చేసేవాళ్ళు, బ్యాంకుల కాల్ సెంటర్ అమ్మాయిలు. గోల లేకుండా స్పష్టంగా ఉన్న రికార్డింగులు అక్కడే దొరుకుతాయి మరి. ఆవిడ చాలా జాగ్రత్తగల మనిషి. కానీ ఆ ఆడవాళ్ళందరూ జీతం కోసం అలా మాట్లాడుతున్నారన్న సంగతి ఆవిడకు తట్టలేదు. ఎంత చదివినా కొన్ని తట్టవు.

రత్నం ఉండేది పిన్ని పైడమ్మ ఇంట్లో. కన్నవాళ్ళు గుమ్మం దాటించేసిన రోజున "నా అప్ప బిడ్డ" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి ఆవిడ. ఎండుచేపలమ్ముతుంది. బేరం దగ్గర పైడమ్మ గొంతెత్తిందంటే కాకులు కూడా కాస్త దూరం జరిగి కూర్చుంటాయి. వంటింట్లో రత్నం సాధన వింటూ ఆవిడ నవ్వాపుకోలేకపోయేది.

"ఏటే అమ్మా, బేంకు ఫోనునాగ మాటాడతన్నావు? లోనేటైనా ఇప్పిస్తావేటి?"

"నవ్వకే పిన్నీ. దీపం ఎర్రగయిపోతంది."

వానాకాలం పోయింది, చలి పోయింది. ఎండలు ముదిరేసరికి పట్టీ రోజంతా పచ్చగా ఉండడం మొదలైంది. ఆ కొత్త గొంతుతో రత్నం మొదటిసారి మైకు అందుకుంది. "ఒడ్డు నుంచి రత్నం మాట్లాడుతున్నాను. అన్ని బోట్లూ జవాబు చెప్పండి," అంది. మల్లెపూవులాంటి గొంతు. ఎవ్వరూ పలకలేదు. మర్నాడూ అంతే.

సాయంత్రం పోలయ్య ఒడ్డుకొచ్చాక నిలదీసింది.

"నువ్వా అక్కా? మేం పెట్టె అనుకున్నాం."

ప్రతి బోటులో హెచ్చరికల పెట్టె ఒకటుంటుంది. శాటిలైట్ చెప్పినదల్లా అది తీయటి ఆడగొంతుతో బోటువాళ్ళకు చెబుతుంది. చినుకు పడితే చెబుతుంది, మబ్బు పడితే చెబుతుంది, ఏమీ లేకపోతే ఏమీ లేదని చెబుతుంది. రోజంతా వినలేక మనవాళ్ళు దాని మీద తువ్వాలు కప్పేస్తారు.

"పేరు సెప్పాను కదరా?"

"పెట్టె కూడా ఏదో పేరు సెప్తాదక్కా."

ఈ మాట విని డాక్టరమ్మ సంబరపడిపోయింది. "చూశారా! ఒక్కరు కూడా అన్నా అనలేదు. ఇది గెలుపే కదా?"

"ఆడగొంతు అనుకున్నారు డాక్టరమ్మా. ఆడమనిషి అనుకోనేదు," అంది రత్నం. పోనీలే, అన్నా అనడమైతే తప్పింది కదా అని రత్నం తన మనసుకు తానే సర్దిచెప్పుకుంది.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం. రేడియో గదిలో వాతావరణం చూపించే తెరమీద కొండల వైపునుంచి పెద్ద గాలి దిగుతున్నట్టు కనబడింది. ఇలాంటి గాలి ముందస్తు కబురు పెట్టదు. వస్తుంది, బోట్లను బోర్లించి పోతుంది. నాలుగు బోట్లు దాని దారిలోనే వలలు వేసి ఉన్నాయి. వాటిలో పోలయ్య బోటు అన్నిటికంటే లోపల ఉంది.

"ఒడ్డు నుంచి రత్నం. గాలి వస్తోంది. వెంటనే తిరిగి రండి," అంది. పట్టీ పచ్చగా మెరిసింది. జవాబు లేదు. మళ్ళీ చెప్పింది. గరగర తప్ప ఏమీ లేదు. అటు పెట్టె అరుపూ, ఇటు రత్నం పిలుపూ రెండూ వాళ్ళ చెవికి పెట్టె మాటే, రెండూ ఒకే తువ్వాలు కింద పడినట్టే అని ఆమెకు తెలుసు.

పాత గొంతు తీస్తే చాలు, పలుకుతారు. "సెప్పన్నా" అంటారు, వస్తారు. ఆ పిలుపు తప్పించుకోవడానికే ఇన్ని నెలలు కష్టపడింది. అయినా ప్రాణాల ముందు పంతమేమిటి? బటన్ నొక్కి గట్టిగా ఊపిరి తీసుకుంది. భయం, కోపం, ఇన్ని నెలల ఉక్రోషం అన్నీ కలిసి ఒక్కసారే పైకి తన్నుకొచ్చాయి. నోరు తెరిస్తే వచ్చింది పాత గొంతు కాదు. ఆ మల్లెపూవు గొంతూ కాదు.

"ఒరే పోలిగా! సెవుల్లో సీసం పోసుకున్నావేట్రా? తువ్వాలు తియ్యిరా ఆ పెట్టె మీంచి! కొండ గాలి దిగతంది. వల కోసీసి ఇంజను తిప్పు! వల పోతే పోనీ, అప్పో సప్పో సేసి కొనుక్కుందువు. నువ్వు పోతే నీ పెళ్ళానికి నా మొకం ఎలాగ సూపించమంటావురా ఎదవా! ఒరే అప్పన్నా, దాసూ, ఎర్రోడా, మీకూ సెప్తన్నాను, ఇంటన్నారా!"

అచ్చం పైడమ్మే. కంఠం ఎక్కడుండాలో నెలల సాధన దానికి నేర్పింది, ఎలా అరవాలో చిన్నప్పటినుంచి చేపలు బేరమాడే ఆ గట్టు నేర్పింది. మెడ మీద పట్టీ పిచ్చెత్తినట్టు అదురుతూనే ఉంది. దీపం నిప్పుకణికలా ఎర్రగా ఉంది.

రేడియో గరగరలాడింది.

"తిట్టకక్కా! కోసీసినాం, వచ్చేస్తన్నాం!"

వెనకాలే అప్పన్న: "మేవూ వచ్చేస్తన్నాం అక్కా." తర్వాత మిగతా ఇద్దరూ. రత్నం మైకు వదిలి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నాలుగు బోట్లూ గాలి కంటే ముందే ఒడ్డెక్కాయి. వలలు మాత్రం గంగపాలయ్యాయి.

మర్నాడు క్లినిక్‌లో హైమవతి కంప్యూటర్ తెర చూసి మొహం చిన్నబుచ్చుకుంది. వరసగా పచ్చటి గీతలు, ఆ ఒక్క మధ్యాహ్నం దగ్గర ఎర్రటి మరక.

"ఇక్కడ పూర్తిగా జారిపోయారు రత్నం. ఇది ఆడగొంతు కాదంటోంది."

"మరి ఆ మరక దగ్గరే కదండీ నన్ను అక్కా అన్నారు."

తోడుగా వచ్చిన పైడమ్మ ఊరుకుంటుందా? "ఏదీ, నాకొకటెట్టు," అంది. పట్టీ అతికించగానే, ఎండు నెత్తళ్ళు తక్కువ ధరకు అడిగినవాడికి ఏం జవాబు చెబుతుందో చెప్పి చూపించింది. దీపం భగ్గున ఎర్రబడింది. "నలుగురు పిల్లల్ని కన్నాను, నీ బిళ్ళ నన్ను మొగోడంటంది," అని పడీపడీ నవ్వింది. హైమవతికి మాత్రం నవ్వు రాలేదు. ఆ పట్టీనే తీసి తన మెడకు అంటించుకుని, పొద్దున్నే స్కూలు బస్సు వచ్చినా మంచం దిగని కూతుర్ని ఎలా లేపుతుందో అలా ఒక్క కేక వేసింది. ఎరుపు.

మంచి శాస్త్రవేత్త గనుక తప్పు ఒప్పుకుని పనిలోకి దిగింది. హార్బర్‌లో కూర్చుని చేపల బేరాలు, కుళాయి తగువులు, పిల్లల మీద కేకలు అన్నీ రికార్డు చేసి పట్టీకి మళ్ళీ మొదటినుంచి చదువు చెప్పింది. ఇప్పుడు ఆవిడ దగ్గరికి వచ్చే ట్రాన్స్ మహిళలు తీయగానూ మాట్లాడొచ్చు, దుమ్మెత్తి కూడా పోయొచ్చు. రెండిటికీ దీపం పచ్చగానే వెలుగుతుంది.

ఈ కబురు పెట్టెలు తయారుచేసే కంపెనీ చెవిన పడింది. తియ్యగా చెబితే వినని బోట్లు, తిడితే విన్నాయని వాళ్ళకు అర్థమైంది. కంపెనీ మనుషులు వచ్చి రత్నాన్ని బతిమాలారు. "నలుగురి పేణాలు నిలబడితే అంతకంటేనా," అని ఆమె సంతోషంగా తన గొంతు ఇచ్చింది. ఏటా చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ఉండే వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ కదిలేసరికి ప్రతి పెట్టెలోనూ రత్నమే.

వేట మొదలైన రోజున ఆమె రేడియో గదిలో కూర్చుని వింటోంది. పోలయ్య మైకు నొక్కగానే అతని బోటులోని పెట్టె అరుపు వినబడింది. "ఒరే, సెవుల్లో సీసం పోసుకున్నారేట్రా? అల పెరుగుతంది, ఎనక్కి జరగండి!"

"సరే అక్కా, జరుగుతన్నాం," అన్నాడు పోలయ్య, ఎంతో వినయంగా.

రత్నం ఉలిక్కిపడి బటన్ నొక్కింది. "ఒరే పోలయ్యా, అది నేను కాదురా. పెట్టె."

"తెలుసక్కా."

"మిషన్ని అక్కా అంటావేట్రా?"

"మిషనైతే మాత్రం ఆడమనిషే కదక్కా. మర్యాద ఇవ్వద్దేటి?"

రత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చీరకు ఏళ్ళు, మాత్రలకు ఏళ్ళు, పట్టీకి నెలలు, చివరికి నాలుగు బోట్లవాళ్ళ ప్రాణాల మీదికి వస్తే గానీ ఆమెకు ఆ పిలుపు దక్కలేదు. పెట్టెను ఎవరూ ఏ రుజువూ అడగలేదు.

"నన్ను ఈ రేడియోలో అక్కా అనడానికి నీకు ఎన్నేళ్ళు పట్టిందిరా పోలయ్యా?" అంది మెల్లగా.

అటునుంచి జవాబు రాలేదు. గరగర మాత్రం వినబడింది. ఆమె మళ్ళీ బటన్ నొక్కకముందే బోటులో పెట్టె మళ్ళీ అరిచింది.

"సరే అక్కా," అన్నాడు పోలయ్య వెంటనే.