కంటి చివర వెలుగు

రాత్రి తొమ్మిదిన్నరకి బైనాక్యులర్ స్టాండు డాబా మీదికి మోసుకెళ్ళడం, దాని మూడు కాళ్ళనీ నేల మీద సున్నంతో పెట్టిన మూడు గుర్తుల్లో నిలబెట్టడం, మడత కుర్చీ వేసుకుని మెడకి మఫ్లరు చుట్టుకోవడం... గూబమ్మకి ఇదంతా కళ్ళు మూసుకుని చేసే పని. గూబమ్మ అసలు పేరు కాదు. చిన్నప్పుడు రాత్రంతా మేలుకుంటుందని అన్నయ్య గుడ్లగూబ అన్నాడు. అది అరిగి అరిగి గూబమ్మ అయింది. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా వదల్లేదు. పగలు ఆమె ఒక రంగుల కొట్టులో షేడ్లు కలుపుతుంది. ఎవరైనా గోడ పెచ్చు ఒకటి తెచ్చి ఇదే రంగు కావాలంటే, కాసేపు చూసి సరిగ్గా అదే కలిపి డబ్బాలో పోసిస్తుంది. కంట్లో అంత పదును ఉండబట్టే అన్నయ్య ఆమెని తోకచుక్కల్లోకి లాగాడు.

తోకచుక్క పని విన్నంత గొప్పగా ఉండదు, ముందే చెబుతున్నా. బైనాక్యులర్‌లో అది చుక్కలా కనపడదు, గాజు మీద ఊదిన ఆవిరి మరకలా కనిపిస్తుంది. దాని వెలుగు రోజురోజుకీ ఎంత మారుతోందో కనిపెట్టాలి. మరకని చుక్కతో పోల్చేదెలా? బైనాక్యులర్ మరను కొంచెం తిప్పి చుట్టుపక్కల నక్షత్రాల్ని కూడా మసక చేస్తారు. అవి కూడా మరకలయ్యాక, దీనికంటే ప్రకాశంగా ఉన్నదొకటి, వెలుగు తక్కువగా ఉన్నదొకటి ఎంచుకుని, వాటి మధ్య ఇది ఎక్కడుందో తూచి ఒక అంకె రాస్తారు. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు, తగ్గితే పెరిగినట్టు. ఆ తిరకాసు ఎవరు పెట్టారో గానీ, వాడి కొంప కూల, అలవాటైపోయింది.

ఇంకో కిటుకు ఉంది. బాగా తక్కువగా వెలిగేదాన్ని నేరుగా చూస్తే మాయమైపోతుంది. చూపు కొంచెం పక్కకి తిప్పితే కంటి చివర్లో మళ్ళీ తేలుతుంది. అన్నయ్య దాన్ని పక్కచూపు అనేవాడు. వదిన ఊరుకునేది కాదు. పక్కచూపులు చూసే మొగుణ్ణి కట్టుకున్నానని, పెళ్ళైన వారానికే నాకు చుక్కలు చూపించాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

ఇంట్లో ఆ ముగ్గురే. అన్నయ్య లిఫ్టు మెకానిక్కు, వదిన ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. డాబా మీద ఒకటే గది, అది అన్నయ్యా వదినలది. ఆ గది కిటికీకి పది అడుగుల దూరంలో రెండు కుర్చీలు వేసుకుని అన్నాచెల్లెళ్ళు కూర్చునేవారు. వాళ్ళ పనికి రెండు నియమాలు ఉండేవి. ఇద్దరూ అంకె రాసుకునేదాకా నోరు విప్పకూడదు, ఎందుకంటే ఒకరి మాట రెండోవాళ్ళ చెవిన పడితే కన్ను అటే జారుతుంది. లైటు వెయ్యకూడదు, ఎందుకంటే కన్ను చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, లైటు పడితే ఆ అలవాటు క్షణంలో పోతుంది.

నలభై మూడు రోజుల కిందట ఈ తోకచుక్క బాగా వెలిగిన రాత్రి, గూబమ్మ ముందుగా అంకె రాసుకుంది. పక్క కుర్చీలో అన్నయ్య తల వంచుకుని ఉన్నాడు. ఇంకా తూస్తున్నాడనుకుంది. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు కదా. పలకరించలేదు. లైటు వెయ్యలేదు. నియమం నియమమే. పెన్సిలు కింద పడిన చప్పుడు వినిపించినా అలాగే కూర్చుంది. ఇరవై నిమిషాల తర్వాత చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఓ పావుగంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఆ ఇరవై నిమిషాల సంగతి గూబమ్మ వదినకి ఇంతవరకూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమెకి ఏమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు. చుట్టుపక్కలవాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుందన్నారు, అన్న పోతే కంట తడి పెట్టని ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నామన్నారు. ఎవరేమన్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే. నాలుగో రోజు కొట్టుకెళ్ళి షేడ్లు కలిపింది. ఆ రాత్రి డాబా ఎక్కి అంకె రాసింది. తోకచుక్క వెనక్కి మళ్ళి దూరమవుతోంది. అది కనపడకుండా పోయేదాకా లెక్క తెగకూడదన్నది అన్నయ్య పంతం. దాన్ని పూర్తి చేస్తోంది, అంతే. ఆమెకి ఈ లోకంలో మిగిలింది వదిన ఒక్కర్తే. ఆవిడకి ఏమీ కాకుండా చూసుకుంటే చాలు, ఇంకే కోరికా లేదు.

వదిన కూడా మాటలు తగ్గించేసింది. రాత్రిళ్ళు గదిలో దీపం ఆర్పేసి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చీకట్లో కూర్చునేది. ఆడపడుచు కన్ను చెడకూడదని లైటు వేసుకోవడం లేదేమో అనుకుంది గూబమ్మ. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మిగిలిన ఈ అర్ధం కోసమైనా ఆవిడ మేలుకుని ఉంటోందని ఒకసారి అనిపించింది. అనిపించి, పోయింది.

మొదటిసారి కనిపించింది ముప్ఫై ఎనిమిదో రోజున.

తోకచుక్క పడమటి వైపు ఉంది. అటు చూస్తుంటే వదిన కిటికీ ఎడమ కంటి చివరికి వస్తుంది. బైనాక్యులర్ నుంచి తల ఎత్తి కళ్ళకి విశ్రాంతి ఇస్తుండగా, కిటికీలో వదిన నల్లటి ఆకారం పక్కన తెల్లగా ఏదో ఉంది. నిలువుగా, మనిషంత. తల తిప్పి చూసింది. లేదు. మళ్ళీ పడమటికి తిప్పింది. ఉంది.

భయం వెయ్యాలి. వెయ్యలేదు. చేతిలో పెన్సిలు ఉంది కాబట్టి, అలవాటు ప్రకారం దాన్ని పైనున్న చుక్కలతో పోల్చి చూసింది. మామూలు కంటికి ఆనే చివరి చుక్కంత ఉంది, అంటే ఆరు. కాగితం అంచున ఆరు అని రాసి, తోకచుక్క అంకె ఏడున్నర దాని గడిలో రాసి, కిందికి దిగి పడుకుంది. అన్నయ్యే అనుకుంది. ఇంకెవరొస్తారు? పెళ్ళాం పక్కన నిలబడటానికి వచ్చాడు, నిలబడనీ. చెబితే వదిన హడలిపోయి లైటు వేస్తుంది. వేస్తే వెళ్ళిపోతాడేమో. ఒకసారి లైటు వెయ్యక పోగొట్టుకుంది, ఇప్పుడు వేసి పోగొట్టుకోదల్చుకోలేదు.

మర్నాడు అయిదున్నర. ఆ మర్నాడు అయిదు. తోకచుక్క ఎనిమిదికి పోయింది. ఒకటి ఆరిపోతుంటే ఒకటి రాజుకుంటోంది. నాలుగో రాత్రికి అంకె నాలుగైంది. వెలుగు పెరుగుతోందంటే అర్థం ఏమిటో గూబమ్మకి తెలుసు. దగ్గరికొస్తోందని అర్థం. ఎవరికి దగ్గరగా అన్నది మాత్రం ఆలోచించలేదు. ఆలోచించడానికి లోపల ఎవరూ ఉన్నట్టే లేదు. పొద్దున్న వదిన ఎదురుపడితే మొహం పాలిపోయి ఉంది. నిద్ర పట్టిందా అని ఈమె అడిగింది. నీకు పట్టిందా అని ఆవిడ అడిగింది. ఇద్దరూ పట్టిందనే చెప్పుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు.

ఆరో రాత్రి గాలి లేదు. డాబా మూల నీళ్ళ ట్యాంకు కింద చెమ్మ వాసన. ఎక్కడో ఒక మోటారు ఆగిపోయింది. రోజూ మొరిగే కుక్కలకి ఆ రాత్రి ఉలుకూ పలుకూ లేదు. పైన తోకచుక్క ఇవాళో రేపో అన్నట్టుంది. ఎంతసేపు వెతికినా ఉందీ లేదూ అనిపించేంత మరక. తొమ్మిది రాసింది. తల ఎత్తి, పడమటి వైపు చూపు నిలిపి, కంటి చివరకి కిటికీని తెచ్చుకుంది.

పెన్సిలు ఆగిపోయింది.

రెండు. ఆ వైపు ఆకాశంలో అంత వెలుగున్న చుక్క ఒక్కటి కూడా లేదు. పోల్చడానికి ఏమీ లేదు... అది ఇక పక్కన నిలబడి లేదు. వంగింది. వదిన తల మీదికి వంగింది. తల్లో ఏదో వెతుకుతున్నట్టు, మొహం జుట్టుకి ఆనించి... వదిన కదలడం లేదు. తల ఒక పక్కకి తిరిగి ఉంది.

అప్పుడు గూబమ్మకి భయం వేసింది. నలభై మూడు రోజుల్లో మొదటిసారి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నానే అనుకుంది. ఆరు రాత్రులు కూర్చుని అంకెలు రాసింది, ఆనాడు అన్నయ్య పక్కన కూర్చుని రాసినట్టే. నోరు విప్పకూడదన్న నియమానికి ఒక మనిషి పోయాడు. ఇంకొకరు పోవడానికి వీల్లేదు.

"వదినా..."

గుసగుసగానే వచ్చింది గొంతు. మనసులో పది లెక్కపెట్టింది.

"ఊఁ."

"కదలకు. నీ పక్కన..."

"నువ్వు కదలకు." వదిన గొంతు చాలా నెమ్మదిగా, పిల్లని నిద్రపుచ్చుతున్నట్టు ఉంది. "వెనక్కి తిరక్కు. ఆరు రోజులుగా చూస్తున్నాను. నీ కుర్చీ వెనకాల మీ అన్నయ్య నిలబడి ఉన్నారు."

వదిన చెప్పుకుపోయింది. మొదటి రోజు గోడ మరకేమో అనుకుందట. నేరుగా చూస్తే పోయేదట, పక్కకి చూస్తే వచ్చేదట. మొగుడు నేర్పిన విద్య ఇన్నాళ్ళకి పనికొచ్చిందట. రోజురోజుకీ తెల్లబడుతుంటే సంతోషం వేసిందట. చెబితే ఈ పిల్ల బెదిరి లైటు వేస్తుందని, వేస్తే ఆయన వెళ్ళిపోతారని చెప్పలేదట. అప్పట్నుంచీ ఆయన్ని చూసుకోవడం కోసమే దీపం ఆర్పి కూర్చునేదట.

"కాదు వదినా," అంది గూబమ్మ. "అన్నయ్య నీ దగ్గర ఉన్నాడు. నేనూ ఆరు రోజులుగా చూస్తున్నాను. ఇప్పుడూ చూస్తున్నాను."

ట్యాంకు నుంచి ఒక బొట్టు పడింది. ఇంకో బొట్టు... పోయినవాడు ఒక్కడు. ఆ లెక్క ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"లైటు వేస్తాను," అంది గూబమ్మ. స్విచ్చి మెట్ల తలుపు పక్కన ఉంది, ఎనిమిది అడుగులు.

"వద్దు. వేస్తే అరగంట కళ్ళు పోయేది మనకే. వాటికి కాదు."

నిజమే. ఎవరు ఎవరో తెలియకుండా ఆ అరగంట ఇక్కడ ఎలా కూర్చోవడం? వదిన ఊపిరి పీల్చుకుని ఆగింది. రోజంతా అక్షరాల్లో తప్పులు పట్టే మనిషి, ఇప్పుడు కూడా తడబడకుండా అడిగింది.

"నాకు సరిగ్గా చూసి చెప్పు. నా పక్కనున్నది ఊపిరి తీస్తోందా?"

గూబమ్మ ట్యాంకు మీద చూపు ఆనించింది. కిటికీని కంటి చివర పట్టుకుంది. రెప్ప వెయ్యకుండా చూసింది. కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆ తెలుపు కొంచెం ఉబ్బింది. తగ్గింది. ఉబ్బింది...

"తీస్తోంది."

వదిన తల ఇంకొంచెం పక్కకి తిరిగింది.

"నీ వెనకాల మనిషి తీయడం లేదు," అంది.

గూబమ్మ మెడ వెనక మఫ్లరు లోపలికి చల్లదనం దిగింది. అన్నయ్య చెయ్యి ఆ రోజు ఎంత చల్లగా ఉందో అంత. పోయినవాడికి ఊపిరి ఉండదు, వెనక ఉన్నది వాడే. ఆరు రాత్రులూ తన వెనకే నిలబడ్డాడు. తనూ అటే చూస్తూ కూర్చుంది, వాడూ అటే చూస్తూ నిలబడ్డాడు, ఆ కిటికీ వైపే. ఏడుపు తన్నుకొచ్చింది. నలభై మూడు రోజులుగా రాని ఏడుపు ఒక్కసారిగా ముక్కులోకి, గొంతులోకి వచ్చింది. అరిచి ఏడవాలనుంది. మిగిలిన ఒక్క మనిషి అక్కడ ఉంది, పది అడుగుల దూరంలో.

"వదినా, మెల్లగా లేచి ఇటు రా. నా దగ్గరికి రా."

"వస్తున్నాను."

కిటికీ చట్రం మీద వదిన చెయ్యి పడింది. లేవడానికి ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చింది. పక్కనున్నది కూడా పీల్చింది. వదిన అది గమనించినట్టుంది. ఊపిరి బిగబట్టింది. అదీ బిగబట్టింది. డాబా మీద ఏ చప్పుడూ లేదు. గూబమ్మ ట్యాంకు వైపే చూస్తూ, కంటి చివర రెండింటినీ చూస్తోంది. ఎవరు ముందు వదులుతారా అని చూస్తోంది.

ముందు అది వదిలింది. దాని వెనకే వదిన వదిలింది.