నా గుమ్మం ముందే నిలిచె

"ప్రాస బాగుంది మతేయ్. కానీ నీ పాటలో మేమెక్కడ నిలబడాలి?"

పదహారు పాదాలు. ఒక్క ప్రాస తప్పలేదు, ఒక్క మాట రెండోసారి రాలేదు. వారం రోజులు కూర్చుని రాశాను. మా రోమా తెగవాళ్ల వీధి చివర, తన గడప మీద బంగాళాదుంపలు చెక్కుతూ అంతా విని, లులుడి అంత మాట అనేసింది.

"అంటే?" అన్నాను మొహం మాడ్చుకుని.

"ఒక్కసారి చెప్పేసి పరిగెత్తిపోతున్నావ్. ఆఖరి పాదం పదిమందీ అందుకోవద్దూ? ఎవరూ అందుకోకపోతే అది పాటెలా అవుతుంది?"

"చదువుకున్నవాళ్ల కవిత్వం ఇలాగే ఉంటుంది."

"అయితే చదువుకున్న పిల్లనే చూసుకో!" తొక్క తీసి నా మీదకు విసిరింది.

కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది.

"ఆదివారం మీ తమ్ముడి బాప్తిస్మం విందులో పాడతాను. నువ్వు అందుకుంటే సంబంధం అడగడానికి మీ ఇంటికి మా అమ్మను పంపుతా. లేదంటే బుడాపెస్ట్‌లో మావయ్య దగ్గర పనికి పోతా," అన్నాను.

లులుడి చేతిలో కత్తి ఆగింది. "చూద్దాంలే."

ఆదివారం ఒకటే వాన. అందరం ఒకే గదిలో ఇరుక్కున్నాం. ఆనవాయితీ ప్రకారం లేచి నిలబడి, పాడొచ్చా అని పెద్దలను అడిగాను.

"చల్లగా ఉండు, పాడరా," అన్నారు.

నోరు తెరిచానో లేదో, పదహారు పాదాలూ ఎగిరిపోయాయి. బుర్రలో వాన చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు.

"వానొచ్చె, గుర్రం తడిసె,
నీ గుమ్మం ముందే నిలిచె..."

తర్వాతేమిటో తోచక అదే మళ్లీ పాడాను. ఎవరూ అందుకోలేదు. మా పందెం సంగతి అందరికీ తెలిసిపోయినట్టుంది, గదంతా లులుడి ఉన్న వంటింటి వైపే చూస్తోంది. మూడోసారి నా గొంతు సగంలోనే ఆగిపోయింది.

అప్పుడు వంటింట్లోంచి సన్నగా వినిపించింది.

"నా గుమ్మం ముందే నిలిచె,
గుర్రాన్ని లోనికి తోలు."

గదంతా ఒక్కసారి అందుకుంది. నా కళ్లు తడిసిపోయాయి, సిగ్గేమీ పడలేదు.

"నీకు గుర్రమెక్కడిదిరా?" అన్నాడు లులుడి నాన్న యోష్కా.

"లేదు కాకా. సైకిలుంది."

"సరే, రేపు మీ అమ్మను దానిమీదే ఎక్కించుకు రా."

లులుడి పిండి చేతులతోనే వచ్చి నా పక్కన నిలబడింది.

"నీ పాదానికి ప్రాస తప్పింది," అన్నాను మెల్లగా.

"తప్పితే తప్పింది. మళ్లీ పాడు," అంది.

ఇద్దరం కలిసి మళ్లీ మొదటినుంచీ పాడాం.