అమ్మినవాడి చెయ్యి

పొద్దున్న ఆరింటికి భాస్కర్ మాస్టారింట్లో కాఫీ కంటే ముందు వాచీలకి కీ ఇచ్చే కార్యక్రమం మొదలవుతుంది. టేబులు మీద పాత దుప్పటి పరుస్తాడు. బీరువాలోంచి ముప్పై నాలుగు వాచీలూ తెచ్చి వరసగా పేరుస్తాడు. ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, పసిపిల్లకి ఉగ్గు పెట్టినంత జాగ్రత్తగా కీ తిప్పుతాడు. ముప్పావుగంట పట్టే పని. ఈలోగా పాలు పొంగినా, కుళాయి వచ్చి పోయినా, పెళ్ళాం పదిసార్లు పిలిచినా ఆయనకి వినబడదు.

ఉమామహేశ్వరికి ఒళ్ళు మండేది అక్కడే. విజయనగరంలో పుట్టి పెరిగిన మనిషి. మొగుడికి అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగమని ఈ చలిలోకి వచ్చి పడింది. ఉన్నవి రెండు గదుల క్వార్టర్సు. అందులో ఉన్న ఒక్క బీరువాలో ఆమె చీరలు కింద అరలోకి దిగిపోయాయి, పై మూడు అరలూ వాచీలవే.

"ఏటండీ, ముప్పై నాలుగు వాచీలున్నాయి కదా, ఏనాడైనా బడికి టైముకెళ్ళేరా?" అంటే నవ్వేసి ఊరుకుంటాడు.

అమ్మేయమంటే మాత్రం నవ్వు పోతుంది. ఆయనకో వాట్సాప్ గ్రూపు ఉంది. రాష్ట్రంలో ఉన్న వాచీల పిచ్చోళ్ళంతా అందులోనే. రోజూ ఒకటే తగువు. చేతికి పెట్టుకోని వాచీని అమ్మేసి ఇంకొకడిని పెట్టుకోనివ్వాలని సగం మంది. కొన్నది ఇంట్లోంచి బయటికి పోనివ్వకూడదని మిగతా సగం. భాస్కర్ ఈ రెండో జట్టు. అన్నం ముందు కూర్చుని కూడా వాళ్ళకి జవాబులు కొడుతుంటాడు.

ఇదంతా ఉమ ఎలాగోలా ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది ముప్పై అయిదోది.

దసరా వెళ్ళిన వారం సంతలో కొన్నాడు దాన్ని. ఉమ పక్కనే ఉంది. అల్లం, రాజ్మా గింజలు పోసుకుని కూర్చున్న ఒక కుర్రాడు, భీముడట పేరు, గోనె కిందనుంచి తీసి చూపించాడు. స్టీలు చైను, నల్ల డయల్. భాస్కర్ కళ్ళు మెరిశాయి. ఎంతిస్తే అంత తీసుకున్నాడు ఆ కుర్రాడు, బేరమే లేదు. "నీకే అమ్మినాను, బాబూ" అని గట్టిగా రెండుసార్లు అన్నాడు. అల్లం, గోనె అక్కడే వదిలేసి జనంలోకి పరిగెత్తాడు. ఉమకి అప్పుడే అనుమానం వచ్చింది, దొంగసొత్తేమోనని.

"ఇది ఆటోమేటిక్. దీనికి కీ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు" అని ఇంటికొచ్చాక భాస్కర్ పాఠం చెప్పాడు. "లోపల ఒక బిళ్ళ ఉంటుంది. మనం నడుస్తుంటే చెయ్యి ఊగుతుంది కదా, ఆ ఊపుకి బిళ్ళ తిరుగుతుంది. వాచీ దానంతటదే కీ ఇచ్చుకుంటుంది. తీసి పక్కన పెడితే ఒకటిన్నర రోజులో ఆగిపోతుంది."

ఆగలేదు.

బీరువాలో పెట్టి వారమైంది, రెండు వారాలైంది, అలాగే నడుస్తోంది. సెకను కూడా తప్పలేదు. భాస్కర్ దాన్ని బియ్యం డబ్బాలో పూడ్చి చూశాడు. ట్రంకుపెట్టె అడుగున పెట్టి తాళం వేశాడు. ఎక్కడ పెట్టినా నడుస్తోంది. ఆయనకి భయం వెయ్యాలి కదా? ఊహూఁ, పొంగిపోయాడు. గ్రూపులో వీడియో పెడితే రాష్ట్రం రాష్ట్రమంతా అమ్మమని వెంటపడింది. ఈయన ససేమిరా అన్నాడు.

వినడం మాత్రం ఉమ వంతైంది. మధ్యాహ్నాలు ఇంట్లో ఒక్కతే ఉంటుంది. బయట మంచు దిగి వలిసె చేలు కూడా కనబడని వేళ, బీరువాలోంచి చప్పుడు. టిక్కు టిక్కు కాదు. సర్ర్... సర్ర్... లోపలి బిళ్ళ తిరిగే చప్పుడు. ఒకరోజు తెగించి తలుపు తీసింది. వాచీ కదలకుండా బోర్లా పడుకుని ఉంది. వెనక అద్దంలోంచి కనబడే బిళ్ళ మాత్రం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. చైను ముట్టుకుంది. వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో చేతినుంచి విప్పి పెట్టినట్టు, పచ్చి అల్లం వాసన, చెమట వాసన.

ఆ రాత్రి మొగుడి మీద విరుచుకుపడింది.

"అదైనా పోవాలి, నేనైనా పోవాలి. తేల్చండి."

"ప్రపంచంలో ఇలాంటిది ఇంకోటి లేదే."

"అందుకే పోవాలంటున్నాను!"

"సరే, సరే... చూద్దాంలే" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆయన చూద్దాంలే అన్న పని ఈ పదకొండేళ్ళలో ఒక్కటీ అవలేదు. ఈ మనిషితో మాట్లాడడం దండగ అనుకుంది ఉమ. అమ్మినవాడికే తిరిగి ఇచ్చేద్దాం, ముందు వాడు తీసుకుంటాడో లేదో కనుక్కుందాం అని తీర్మానించుకుంది.

మర్నాడు మొగుడు బడికెళ్ళగానే జీపెక్కింది. భీముడి ఊరు సంతలో అందరికీ తెలుసు. జీపు దిగాక కాఫీ తోటలోంచి గంట నడక. చెట్ల కింద మిట్టమధ్యాహ్నం కూడా మసక. ఆకుల మీంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతోంది. చెప్పుల కింద బురద, చీర అంచంతా ఎర్రమట్టి. మొగుడు వాచీలు కొనుక్కుంటే నాకేంటీ ఖర్మ అని తిట్టుకుంటూనే ఎక్కింది.

ఊరి చివర ఇల్లు. అరుగు మీద ఒక ముసలమ్మ చోళ్ళు చెరుగుతోంది. భీముడి తల్లి, సోములమ్మ. ఉమ వాచీ మాట ఎత్తగానే ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

"మాస్టారి ఇంటిదానివా?" అంది, గొంతు తగ్గించి. "నోపలికి రా."

లోపల చీకటి, పొయ్యి పొగ. ముందు చప్పుడు వినబడింది ఉమకి. కిర్రు... కిర్రు... కిర్రు... మంచం కోడు కదులుతున్న చప్పుడు. ఆ తాళం ఆమెకి తెలుసు. నెలన్నరగా వింటున్నదే.

మంచం మీద భీముడు. సంతలో చూసినవాడేనా అనిపించింది, అంత చిక్కిపోయాడు. ఎడమ చెయ్యి తువ్వాలుతో మంచం కోడుకి కట్టేసి ఉంది. ఆ చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతోంది. తువ్వాలు బిగుసుకుంటోంది, వదులవుతోంది. కోడు మీద తువ్వాలు రాసుకుని నున్నగా గాడి పడిపోయింది. మనిషి కళ్ళు మూసుకుని నిద్రపోతున్నాడు. చెయ్యి నిద్రపోవడం లేదు.

"ఆగకుండా తిరిగే దాన్ని సూసి బయపడి ఒదిలించుకున్నాడు. అది అమ్మి ఇంటికొచ్చేతలికే మొదలెట్టినాది" అంది సోములమ్మ. "రాత్రీ నేదు, పగలూ నేదు. మాకు అమ్మినోడు పాత ఇనుము యాపారి. ఆడు మర్నాడే పరిగెట్టుకొచ్చి ఈడి కాళ్ళమీద పడినాడు. నా సెయ్యి ఆగిపోనాది బాబూ, నువ్వు అమ్మీబట్టి ఆగిపోనాది అని ఏడిసినాడు. అప్పుడు తెలిసినాది మాకు. అమ్మినోడి సెయ్యే దానికి ఊపు."

ఉమ ఊగుతున్న చెయ్యి మీంచి చూపు తిప్పుకుని అడిగింది.

"మరి... మాకెందుకు చెప్పలేదు మామ్మా?"

సోములమ్మ ఆమె మొహంలోకి చూడలేదు. "సెప్తే మీ ఆయన అమ్ముతాడా?"

ఒళ్ళంతా కోపం వచ్చింది ఉమకి. ఇంత దగా చేస్తారా అని నోటిదాకా వచ్చింది. కాని ఆ కోడు మీది గాడి చూసి ఊరుకుంది. అమ్మో, అది పోవాల్సిందేనని రాత్రి పట్టుబట్టానే! వాచీ బీరువాలో ఉన్నన్నాళ్ళూ తన మొగుడికి ఏమీ కాదు. ఉంచుకోవాలి. ఎంత చప్పుడైనా చెయ్యనీ, ఎంత వెచ్చగానైనా ఉండనీ, అమ్మకూడదు. ఇంటికెళ్ళగానే ఆయన కాళ్ళు పట్టుకుని చెప్పాలి అనుకుని లేచింది.

కిర్రు... కిర్రు...

కిర్...

ఆగిపోయింది.

ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. తువ్వాలు వదులై వేలాడింది. భీముడు కళ్ళు తెరిచాడు. తన చేతిని తనే కాసేపు చూసుకున్నాడు. మెల్లిగా వేళ్ళు ముడిచాడు, చాపాడు. పక్కనున్న గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. తాగుతూనే వెక్కి వెక్కి ఏడ్చాడు.

సోములమ్మ కొడుకు మీద పడి బావురుమంది. ఆనందం అది. తరవాత తల తిప్పి ఉమని చూసింది. ఆ మొహంలో ఆనందం చచ్చిపోయింది.

"బేగి పో తల్లీ... బేగి పో."

ఉమ కొండ దిగిందో దొర్లిందో ఆమెకే తెలీదు. ఫోన్లో ఒక్క గీత సిగ్నలు లేదు. కింద జీపువాడు ఇంకా నలుగురెక్కితేగాని కదలనన్నాడు. బతిమాలింది, తిట్టింది, ఆ నలుగురి టిక్కెట్టూ నేనే ఇస్తానంది. వాడు బీడీ కాల్చుకుంటూ "మంచు తగ్గనీ అమ్మా" అన్నాడు. మంచు తగ్గదు. అక్కడ డిసెంబరులో మంచు తగ్గడమేమిటి, దాని తలకాయ!

దారిలో ఒక మలుపు దగ్గర సిగ్నలు వచ్చింది. భాస్కర్‌వి ఏడు మిస్డ్ కాల్స్. వెంటనే చేసింది.

"ఉమా! అమ్మేశానే!" అన్నాడు. గొంతులో గర్వం. "విశాఖ నుంచి పైడిరాజు గారని, మా గ్రూపులో పెద్దాయన, కారేసుకుని వచ్చాడు. నువ్వు రాత్రి అంత బాధపడ్డావని ఇచ్చేశాను. ఎక్కడున్నావు?"

ఉమ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"ఉమా... వింటున్నావా? ఎడమ చెయ్యే కాస్త... ఏటో... దానంతటదే..."

లైను తెగిపోయింది. పదకొండేళ్ళకి ఒక్కసారి మాట విన్నాడు మహానుభావుడు. ఆ మాట వినకపోతే ఎంత బాగుండేదని జీపులో నలుగురి మధ్య కూర్చుని ఏడ్చింది.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. కరెంటు లేదు. భాస్కర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ముందుకీ... వెనక్కీ... ముందుకీ... వెనక్కీ... కూర్చున్న మనిషికి నడుస్తున్న మనిషి చెయ్యి అతికించినట్టు ఉంది. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది.

"ఆపలేకపోతున్నానే" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఉమ ఆయన ఫోను లాక్కుని పైడిరాజు నంబరు నొక్కింది. మూడోసారికి ఎత్తాడు.

"బాబుగారూ, మాస్టారి భార్యని. ఆ వాచీ వెనక్కి కావాలండీ. మీరెంతకి అమ్ముతారో చెప్పండి."

పెద్దాయన మెత్తగా నవ్వాడు. "అమ్మడమా? నేను అమ్మే రకం కాదమ్మా. ముప్పై ఏళ్ళలో నూట పదకొండు కొన్నాను, ఒక్కటీ అమ్మలేదు."

"మాకు కాకపోతే ఇంకెవరికైనా సరే... అమ్మేయండి బాబూ. మీకు మంచిది కాదది."

ఆ మాట అంటుంటే ఉమకి సోములమ్మ గుర్తొచ్చింది. ఈయన అమ్మితే ఈయన చెయ్యి. తెలుసు. తెలిసే అడుగుతోంది. సిగ్గేసింది. అయినా అడిగింది.

"అయ్యో, ఎందుకమ్మా అంత ఆత్రం? ఇంత ముచ్చటగా నడిచే వాచీ నా జన్మలో చూళ్ళేదు. ఇప్పుడే మా అబ్బాయికి చెప్పాను, నేను పోయినప్పుడు దీన్ని నా చేతికే ఉంచి మట్టి చెయ్యమని. ఇక అది ఎక్కడికీ పోదు. మాస్టారిని దిగులు పెట్టుకోవద్దని చెప్పండి."

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్. ఉమ ఇరవైసార్లు చేసింది. ఇరవైసార్లూ అదే.

ఇక చెయ్యడానికేముంది? వంటింట్లోకి వెళ్ళి తువ్వాలు వెతికింది. భీముడిని కట్టినట్టే కట్టాలి, లేకపోతే భుజం ఊడిపోయేలా ఉంది. అగ్గిపెట్టె దొరకదు, తువ్వాలు దొరకదు, కళ్ళలో నీళ్ళకి ఏదీ కనబడదు. ఆ చీకట్లో గది అవతలినుంచి చెయ్యి గాలిని కోస్తున్న చప్పుడు. సర్ర్... సర్ర్...

చప్పుడు నెమ్మదించింది. నడక తగ్గినట్టు. ఎవరికోసమో అడుగు చిన్నది చేసినట్టు.

"ఉమా" అన్నాడు భాస్కర్ గదిలోంచి. గొంతులో భయం లేదు. అలిసిపోయి కాస్త తేరుకున్న గొంతు. "నువ్వలా చెయ్యి పట్టుకున్నాక ప్రాణం కుదుటపడిందే. కాని ఏటిది, ఇంత చల్లగా ఉంది నీ చెయ్యి? తడిగా కూడా ఉంది... పోనీలే. వదలకు."

ఉమ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. తువ్వాలు ఆమె రెండు చేతుల్లోనూ ఉంది.

"వదలనులెండి" అంది. ఎలా అనగలిగిందో తెలీదు.

ఒక్కో అడుగే వేసుకుంటూ కుర్చీ దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెయ్యి నెమ్మదిగా ఊగుతూనే ఉంది. తువ్వాలు కింద పడేసి, వంగి, ఆయన అరచేతిలో తన చెయ్యి పెట్టబోయింది. ఆయన వేళ్ళు ఎడంగా విచ్చుకుని, కంటికి కనబడని దేన్నో గట్టిగా పెనవేసుకుని ఉన్నాయి. ఉమ తన వేళ్ళు వాటి మధ్యకి తోసింది.

దూరలేదు. అక్కడ చోటు లేదు.