పండుగొప్ప ఫోల్డర్

మెసేజ్ చూడగానే సుధామణి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పండుగొప్ప దొరికింది. ఐస్ కరుగుతోంది."

చేపల మాటల్లో ఈ సంకేతం పంపింది సూర్యప్రకాష్. సరుకు లారీకెక్కింది, ఫొటోలు ఆఫీసు సర్వర్‌లో పెట్టాను అన్నది మొదటి మాటకి అర్థం. వాళ్ళకి నామీద అనుమానం వచ్చింది అన్నది రెండోదానికి. ఆ తర్వాత అతని ఫోన్ మూగబోయింది.

గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల దుకాణం పైన, ఆక్వా కన్సల్టెన్సీ అని బోర్డు తగిలించుకున్న ఆ ఆఫీసు నిజానికి గూఢచారి విభాగం. సుధామణి అక్కడ ఫీల్డ్ ఏజెంట్. మన తీరంలోని రాడార్లను గుడ్డివి చేసే జామర్‌ని ఒక విదేశీ ముఠా ఆటోనగర్ షెడ్డులో బిగిస్తోందని కూపీ లాగింది ఆమే. చేపలు పట్టే కుటుంబంలో పుట్టిన సూర్యప్రకాష్‌ని లారీ క్లీనర్ వేషంలో ఆ ముఠాలోకి పంపిందీ ఆమే. జామర్ ఇవాళ పడవెక్కిందంటే ఇక దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. బందరు రోడ్డు మీద చేపల లారీలకు కొదవ లేదు. అందులో ఏ లారీయో తెలియాలంటే ఆ ఫొటోలు చూడాలి.

ఆమె పండుగొప్ప అని పేరున్న షేర్డ్ ఫోల్డర్ మీద క్లిక్ చేసింది.

యాక్సెస్ డినైడ్.

పొద్దున తెరుచుకున్న ఫోల్డరే. లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయింది. అదే జవాబు. సర్వర్‌ని పింగ్ చేస్తే పలుకుతోంది. అదే సర్వర్‌లో ఉన్న జీతాల ఫోల్డర్, సెలవుల ఫోల్డర్ హాయిగా తెరుచుకుంటున్నాయి. అంటే కేబుల్ బాగుంది, నెట్‌వర్క్ బాగుంది. ఈ ఒక్క తలుపే ఎవరో మూశారు.

చీఫ్ వెంకటకృష్ణారావు కంగారుపడలేదు. డయానాకి కబురు పెట్టాడు.

నెట్‌వర్క్ మొత్తం డయానా చేతిలో ఉంటుంది. తాళాలన్నీ ఒక్కరికే అప్పగించడం మంచిది కాదని ఆమె చేరినప్పుడే సుధామణి మొత్తుకుంది. నీకు అందరి మీదా అనుమానమేనమ్మా అని చీఫ్ నవ్వేశాడు. సముద్రపు రంగు చీర, ఖరీదైన సెంటు, ఆఫీసంతా తిరిగి చూసే నవ్వు. డయానా వచ్చి, సర్వర్ అప్‌డేట్ అవుతోందనీ, కాసేపు ఓపిక పట్టి ఈలోగా సిస్టమ్ రీస్టార్ట్ చేసుకోమనీ చెప్పి వెళ్ళిపోయింది.

సుధామణికి అరికాలి మంట నెత్తికెక్కింది. చీఫ్ గది తలుపు వేసింది.

"అప్‌డేట్ అయితే అన్ని ఫోల్డర్లూ ఆగాలి సార్. ఇదొక్కటే ఎందుకాగింది? సర్వర్ గదికి రండి. మీ పాస్‌వర్డ్ కావాలి."

"డయానా గారితో ఒక మాట చెప్పకుండా..."

"అక్కడ మనిషి ప్రాణం పోతోంది. మీరు లేచి వస్తారా, నన్ను లేపమంటారా?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. అయినా లేచాడు.

షేర్డ్ ఫోల్డర్‌కి రెండు తాళాలుంటాయి. ఒకటి నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్ళని ఆపే వీధి గేటుది. రెండోది లోపల ఫైళ్ళ మీద ఉండే బీరువాది. సర్వర్ ముందే కూర్చున్నవాడికి వీధి గేటుతో పనిలేదు. చీఫ్ పాస్‌వర్డ్ కొట్టాడు. సుధామణి డీ డ్రైవ్‌లోకి వెళ్ళి ఫోల్డర్ మీద నొక్కింది. కిక్కురుమనకుండా తెరుచుకుంది. నీలం లారీ, వెనక తలుపు, నంబర్ ప్లేటు. ఆమె నంబర్ పైకి చదివింది, రెండుసార్లు.

తర్వాత షేరింగ్ సెట్టింగ్స్ తెరిచింది. ఫీల్డ్ టీమ్ పేరుకి ఎదురుగా డినై అన్న గడిలో టిక్కు. చీఫ్ కూడా ఆ టీమ్‌లోవాడే. ఎన్ని అనుమతులున్నా ఆ ఒక్క టిక్కు అన్నిటినీ కొట్టేస్తుంది. ఆ మార్పు చేసిందెవరో లాగ్‌లో స్పష్టంగా ఉంది. డయానా పేరు చదివేసరికి చీఫ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కీబోర్డు మీంచి చేతులు తీయండి సుధామణి గారూ."

గుమ్మంలో డయానా. చేతిలో సైలెన్సర్ బిగించిన చిన్న పిస్టల్. నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. ఫోన్ కింద పెట్టమంది.

"ఫోన్ నా బల్ల మీదే ఉందండీ. మైకు చెవి కమ్మలో ఉంది. నంబర్ కంకిపాడు చేరిపోయింది."

డయానా చూపు కమ్మ మీదికి మళ్ళింది. ఆ రెప్పపాటు చాలు. సుధామణి కీబోర్డు ఊడబెరికి పిస్టల్ పట్టుకున్న మణికట్టు మీద కొట్టింది. గుండు గోడలో దిగింది. పిస్టల్ కింద పడ్డాక కూడా మరో దెబ్బ వేసింది. అది శిక్షణలో నేర్పింది కాదు, కడుపుమంట.

కంకిపాడు సెంటర్లో పంక్చర్ షాపు నడిపే హనుమయ్య కూడా ఈ విభాగం మనిషే. ఒక రోడ్డు బందరుకి, ఇంకోటి గుడివాడకి చీలేది అక్కడే. అది దాటితే లారీ ఎటు పోయిందో చెప్పడం ఎవరివల్లా కాదు. చెవిలో నంబర్ పడేసరికి నీలం లారీ అతని షాపు ముందే గుడివాడ వైపు తిరుగుతోంది. హనుమయ్య పక్కనున్న పెద్ద టైరుని ఒక్క తోపు తోశాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి ముందు చక్రాల కింద పడింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. టీ కొట్టు దగ్గర రైతుల వేషంలో కూర్చున్న విభాగం మనుషులు నలుగురు లేచి క్యాబిన్ తలుపులు లాగారు. ఖాళీ ట్రేల కింద జామర్ దొరికింది. ఆ పక్కన తాళం వేసిన ఐసుపెట్టెలో, కాళ్ళూ చేతులూ కట్టేసి, సూర్యప్రకాష్ దొరికాడు.

డయానాని సర్వర్ గదిలోనే బంధించి వచ్చి సుధామణి, చీఫ్ జీపు దిగేసరికి అతను ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతూ టీ తాగుతున్నాడు. పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి. వాటిని చూసేసరికి ఆమెకు చల్లారిన కోపం మళ్ళీ రాజుకుంది. చీఫ్ తల వంచుకుని నిలబడ్డాడు.

ఎందుకింత ఆలస్యమైందని సూర్యప్రకాష్ అడిగాడు.

సుధామణి చీఫ్ వైపు చూస్తూనే జవాబు చెప్పింది. "మన ఫోల్డర్ తెరవడానికి మనకే పర్మిషన్ లేదన్నారు ప్రకాష్."

అతను ఇంకో గుక్క టీ తాగాడు. "ఆ ముఠావాళ్ళే నయమండీ. నన్ను ఐసుపెట్టెలో పెట్టడానికి ఎవరి పర్మిషనూ అడగలేదు."