అయిదో వరసలో పచ్చ చుక్క

“మీ బోర్డు కల్లు తాగొచ్చిందేటండీ?”

ధర్మేంద్ర ఆ అమ్మాయి గొంతు వినడం అదే మొదలు. ఫోన్‌లో ఆమె వెనకాల సముద్రపు హోరు, కాకుల గోల.

“ఎవరండీ?”

“కుసుమకుమారిని. నౌపడ అవతల బోట్ల సొసైటీ నుంచి మాటాడతన్నాను. మొన్న మీరు బిగించి ఎల్లిన బోర్డు కిందే నిల్చున్నాను. ఒక చుక్క ఇటు, ఒక చుక్క అటు. ఒకటైతే బోర్డులోంచి బయటికే పోయింది. ఏ చుక్క ఏ బోటుదో మీరే వచ్చి సెప్పండి.”

“ఇంగ్లీషు పేర్లు పెట్టి చూస్తే సరిగ్గానే వచ్చిందండీ.”

“అయితే మావోళ్ళని బోట్లకి ఇంగ్లీషు పేర్లు పెట్టుకోమని సెప్తాను. ఉండండి, పిలుస్తాను.”

“వద్దండీ. రేపు వస్తాను.”

ధర్మేంద్రకి ఇరవై ఆరేళ్ళు. నరసన్నపేట దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టాడు. విజయనగరంలో ఎల్‌ఈడీ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తున్నాడు. ఆ పల్లె సొసైటీ వరండాలో పెట్టిన బోర్డు చాలా సాదా సీదాది. వరసకో బోటు పేరు. కుడి అంచున ఒక చుక్క. బోటు సముద్రంలో ఉంటే ఎర్రగా, ఒడ్డుకు చేరాక సొసైటీలో పనిచేసే కుసుమ మీట నొక్కితే పచ్చగా వెలగాలి.

మర్నాడు స్టూలెక్కి చూస్తే తప్పు దొరికింది. వరసకి ఇన్ని గళ్ళని బోర్డుకి ఒక లెక్క ఉంది. పేరులో అక్షరాలు లెక్కపెట్టి, మిగిలిన గళ్ళు ఖాళీ వదిలి, చివర చుక్క పెట్టమని రాశాడతను. ఇంగ్లీషులో ఏ అక్షరానికైనా ఒక గడి చాలు. తెలుగులో ‘ర’కి ఒకటి సరిపోతుంది, ‘ఘ’కి రెండు కావాలి. ‘శ్రీ’ అయితే కంప్యూటరుకి నాలుగు ముక్కలు, బోర్డు మీద రెండే గళ్ళు.

“అంటే లావు మనిషికీ బక్క మనిషికీ బస్సులో ఒకే సీటు రాసిచ్చేసేరు,” అంది కుసుమ కింద నిలబడి.

“అంతేనండీ.”

“మరి పక్కోడి ఒళ్ళో కూకోడా?”

“కూర్చున్నాడు కదండీ. చూస్తున్నారుగా.”

ఆమె నవ్వింది. ధర్మేంద్ర పడిపోయాడు. స్టూలు మీంచి కాదు.

ఏ అక్షరానికి ఎన్ని గళ్ళో పట్టిక తయారుచేయాలి. బోర్డు ఇక్కడుంది, అతను విజయనగరంలో ఉంటాడు. ఆమె ఒక్కో అక్షరాన్నీ బోర్డు మీద వెలిగించి, గళ్ళ నోటుబుక్కులో దించుకుని, సాయంత్రాలు ఫోన్ చేసేది.

“‘ణ’ రెండు. ‘గ’ ఒకటి. ‘క్ష్మీ’ రెండున్నర.”

“సగం గడి ఉండదండీ.”

“మాకుంటాది. సరే, మూడు ఏసుకోండి.”

“మీ పేరుకి తొమ్మిది గళ్ళు.”

అవతల నోటుబుక్కు మూసిన చప్పుడు.

“నా పేరు బోటు కాదు కదా. ఎందుకు లెక్కపెట్టేరు?”

“పట్టిక సరిగ్గా ఉందో లేదో చూద్దామని.”

“పన్నెండు బోట్లుండగా నా పేరే దొరికిందేటి?” అని పెట్టేసింది. పది నిమిషాల్లో తనే మళ్ళీ చేసింది. “‘ధ’ రెండు గళ్ళు. నేనూ సరిసూసుకున్నాను.”

ఆగస్టుకల్లా చుక్కలన్నీ దారం పట్టినట్టు ఒకే గీత మీద నిలిచాయి. పని అయిపోయింది. ఫోన్లు అయిపోలేదు. ‘మీరు’ ‘నువ్వు’ అయింది.

బోర్డు సరయిన రోజు కుసుమ వాళ్ళమ్మ మరిడమ్మ వచ్చి చూసింది. ఆవిడకి చదువు రాదు. ఆ పల్లెలో చాలామంది ఆడవాళ్ళకి రాదు.

“మరి మీ బోటు ఎలా కనుక్కుంటారమ్మా?” అని అడిగాడు ధర్మేంద్ర.

“పైనుంచి లెక్కెడతాను బాబూ. మాది అయిదోది. నాలుగోది జగన్నాధానిది. మా కొండబాబు బోటు ఎప్పుడూ అయిదోదే.”

ఆ మాట అతను విన్నాడు, తల ఊపాడు. ఈ కథలో అతను మరిచిపోయింది ఆ ఒక్క మాటే.

*

కొండబాబు కుసుమ అన్న. తండ్రి పోయాక ఆ ఇంటికి వాడి చేతులే ఆధారం. చిన్నాన్న కొడుకు వెంకీని తోడు తీసుకుని, ఇద్దరే వేటకి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో ఏ మాట తెగాలన్నా మరిడమ్మ తమ్ముడు ధనరాజు దగ్గరికి వెళ్ళాలి. సొసైటీ ప్రెసిడెంటు కూడా ఆయనే.

“మా మావని మంచి చేసుకో,” అంది కుసుమ. “ఊళ్ళో పొలాలోళ్ళ కుర్రాడికి మా పిల్లనెలాగ ఇస్తామంటాది మాయమ్మ. మావ ఊఁ అంటే మరి మాటాడదు.”

నవంబర్లో ఆ అవకాశం వచ్చింది. ధనరాజు పాత బోటు తీసేసి కొత్తది దించాడు. పేరు ‘శ్రీ అష్టలక్ష్మీ మహాగంగమ్మతల్లి’. బోర్డు మీద అతనిది మూడో వరస. పేరు పట్టలేదు, చివర తెగిపోయింది.

“ఏటయ్యా, తల్లిని సగానికి కోసేసేవు,” అన్నాడు ధనరాజు ఫోన్‌లో. “పూర్తిగా రావాల. రేపు పొద్దున్నకి రావాల. ఆనక నీతో ఇంకో మాట కూడా మాటాడతాను. మా కుసుమ గురించి.”

ఆ ఇంకో మాట ధర్మేంద్రకి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు కుసుమ మొదటిసారి విజయనగరం వస్తోంది. సెలవు పెట్టి, బోర్డు పని గుమాస్తా గోపికి అప్పగించి, పొద్దుటి ప్యాసింజరెక్కింది. ఆమె రైలు దిగేలోపు పని ముగించాలి. పేరులో పట్టని ముక్కని కింది వరసలోకి దించితే సరి. రెండు లైన్ల ప్రోగ్రాము. రూములోంచే పంపేశాడు. పేరు పూర్తిగా వచ్చిందని ధనరాజు ఫొటో పెట్టాడు. ఆ ఫొటోలో ధర్మేంద్ర మూడో బోటు ఒక్కదాన్నే చూశాడు.

మూడో బోటు రెండు వరసలు తీసుకుంది. నాలుగోది అయిదో వరసకి దిగింది. అయిదోది ఆరుకి దిగింది.

*

పదకొండింటికి ఆకాశం నల్లబడింది. కోట గోడ పక్కన టీకొట్టు రేకు కింద ఇద్దరూ ఒకే గొడుగుతో నిలబడ్డారు. వాన ఏటవాలుగా కొడుతోంది.

“నీ గొడుగు కూడా నీ బోర్డులాటిదే,” అంది కుసుమ. “ఒకల్నే లెక్కేసుకున్నాది.”

“దగ్గరికి జరిగితే ఇద్దరికీ సరిపోతుంది.”

“అందుకే తెచ్చేవా?”

ఆమె జరిగింది. అతని భుజం సగం తడిసింది. అతనికి తెలియలేదు.

పన్నెండు దాటాక గాలి తిరిగింది. సముద్రం బాగాలేదని, బోట్లన్నీ వెనక్కి రమ్మన్నారని టీకొట్టు ఆయన ఫోన్‌లో వార్త వినిపించింది. కుసుమ మొహం మారిపోయింది. కొండబాబుకి చేస్తే ఫోన్ పలకలేదు. ఒంటిగంటన్నరకి తల్లి దొరికింది.

“అమ్మా, అన్నొచ్చేడా?”

“వచ్చేడే. నా కళ్ళతో సూసొచ్చేను, అయిదోది పచ్చగా ఉన్నాది. బోటు లాక్కుంటున్నట్టున్నారు, ఇంటికింకా రానేదు. అన్నం వార్చేను. వానలో పరిగెట్టకు, నిమ్మళంగా రా.”

కుసుమ గుండెల మీద చెయ్యి వేసుకుని నవ్వింది. “రెండింటి రైలు వద్దులే. అయిదింటిదానికి ఎల్తాను.”

ఆ మూడు గంటలూ వాళ్ళ జీవితంలో అన్నిటికన్నా మంచివి. అందుకే తర్వాత వాటిని తలుచుకోవడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

అదే సమయంలో అక్కడ గోపి బోర్డు మీద ఒకే ఒక్క ఎర్రచుక్క చూశాడు. ఆ ఊరి పద్ధతి ప్రకారం ఇంటివాళ్ళు వచ్చి పిలిస్తే పదిమంది తాడు పట్టుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వెళ్తారు. ఎవరూ రాలేదు. గోపి తడుస్తూ మరిడమ్మ ఇంటికి వెళ్ళాడు.

“అత్తా, కొండబాబు రాలేదేటి?”

“ఏటి రాకపోడం? పచ్చగా సూసి అరగంటయింది. నువ్వే నొక్కడం మర్సిపోయుంటావు. ఎల్లు, ఎల్లి సూసుకో.”

అంత ధీమాగా చెప్పేసరికి గోపి వెళ్ళి ఎర్రచుక్కని పచ్చగా మార్చేశాడు.

నాలుగున్నరకి వెంకీ ఒంటరిగా ఈదుకుంటూ ఒడ్డున పడ్డాడు. మొగ దగ్గర బోటు బోర్లా పడింది. కొండబాబు కుడిచేతికి తాడు మెలేసుకుంది. బోటుని పట్టుకుని మూడు గంటలు అలాగే వేలాడుతున్నాడు, ఎవరో ఒకరు వస్తారని.

ఊళ్ళోవాళ్ళు వెళ్ళి మనిషిని తెచ్చారు. చెయ్యి దక్కలేదు. శ్రీకాకుళం ఆసుపత్రిలో మోచేతి కిందికి తీసేశారు. ఇంకో రెండు గంటలు ముందు తెచ్చుంటే నిలిచేదని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఊరంతా పాకింది. దాని వెనకే ఇంకో మాట పాకింది. మరిడమ్మ లెక్క తప్పింది.

*

ధర్మేంద్ర మూడు రోజులు ఆసుపత్రి మెట్ల మీదే ఉన్నాడు. మందులు తెచ్చాడు. రక్తం ఇచ్చాడు. అయిదోది పచ్చగా ఉన్నాదని మరిడమ్మ ఎవరితోనో చెబుతుంటే మొదటి రోజే విన్నాడు. వినగానే అర్థమైంది. లేచి మందుల చీటీ పట్టుకుని బయటికి నడిచాడు.

నాలుగో రోజు వాళ్ళ ఊరికి వెళ్దామని నౌపడలో దిగితే, ప్లాట్‌ఫారం చివర కుసుమ అతన్ని ఆపింది. అవతల ఉప్పుమడుల మీద నీళ్ళు కదలకుండా నిలిచి ఉన్నాయి.

“మూడో వరస రెండయింది. నిన్న సూసేను,” అంది.

అతను తల దించుకున్నాడు.

“పేరు పొట్టి చేసేసేను. ఇప్పుడు ఎప్పట్లాగే ఉన్నాది. ఎవులికీ తెలీదు. నువ్వు సెప్పకు.”

“మీ అమ్మ తనవల్లే అనుకుంటోంది కుసుమా.”

“తెలుసు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.” ఆమె ఉప్పుమడుల వైపు తిరిగింది. “అన్న చెయ్యి ఎలాగా తిరిగి రాదు. సెప్తే నువ్వూ పోతావు. మరి నాకేటి మిగుల్తాది? నేనూ ఆ రోజు సెలవెట్టి నీ గొడుగు కింద నవ్వుతా ఉన్నాను. అది నేను మోస్తాను. ఇది నువ్వు మొయ్యి. మన కోసం.”

అతను ఊఁ అన్నాడు.

పన్నెండో రోజు ధనరాజు కబురు పంపాడు. ధర్మేంద్ర వెళ్ళేసరికి ఇంట్లో అందరూ ఉన్నారు. కొండబాబు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. కుసుమ పొయ్యి దగ్గర నిలబడింది. మరిడమ్మ గుమ్మం పక్కన నేల మీద. పన్నెండు రోజుల్లో మనిషి సగమైపోయింది. టీ నీళ్ళు తప్ప ఏమీ దిగడం లేదు. అన్నం కలిపి పెడితే, ఆ రోజు ఇదే అన్నం వార్చుకుంటూ కూకున్నానని పక్కకి తోసేస్తోంది.

“కూకో అల్లుడా,” అన్నాడు ధనరాజు. “ఆ మాటే అనేస్తన్నాను. మూడ్రోజులు మెట్ల మీద పడుకున్నోడు పరాయోడు కాదు. అక్క కూడా ఒప్పుకుంది.”

కొండబాబు ఎడమచెయ్యి చాపి ధర్మేంద్ర చెయ్యి పట్టుకున్నాడు. “మా చెల్లిని బాగా సూసుకో బావా. నాకింక ఓపిక నేదు.”

కుసుమ కళ్ళు అతని మీదే ఉన్నాయి. మాట్లాడకు అంటున్నాయి.

మరిడమ్మ మెల్లగా అంది. “నా కళ్ళు మంచియి కావు బాబూ. కొడుకు చెయ్యి తినేసినాయి. అయిదు లెక్కెట్టడం రాని మనిషిని, నాకు తల్లి పెద్దరికమేటి? నా పిల్లని నువ్వు తీసుకుపో. నా దగ్గరుంచకు.”

అతను కోరుకున్నదంతా ఆ గదిలో ఉంది. ఊఁ అంటే చాలు.

“మీరు సరిగ్గానే లెక్కపెట్టారమ్మా,” అన్నాడు ధర్మేంద్ర.

ఎవరికీ అర్థం కాలేదు. అతను కొండబాబు చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నాడు. నేల మీద కూర్చుని వేలితో గీతలు గీసి చూపించాడు. మూడోది రెండయింది. నాలుగోది ఇక్కడికి దిగింది. మీరు చూసిన పచ్చచుక్క జగన్నాధంగారి బోటుది. ఆ పొద్దున్న నేనే మార్చాను. మీరు వరసలు లెక్కపెడతారని నాకు తెలుసు. ఆలోచించలేదు.

ధనరాజు తల నేలకి వాలిపోయింది. ఎవరి పేరు కోసం మార్చాడో ధర్మేంద్ర చెప్పలేదు.

మరిడమ్మ ఆ గీతల్ని వేలితో పైనుంచి లెక్కపెట్టింది. “నేను సూసింది అయిదోదేనా?”

“అయిదోదేనమ్మా.”

“అయిదోదే.” ఆవిడ కూతురి వైపు తిరిగింది. “ఒసే, నీకు తెలుసా ఇది?”

కుసుమ పెదవులు కదిలాయి.

“తెలీదమ్మా,” అన్నాడు ధర్మేంద్ర ముందే. “ఎవరికీ చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు.”

కొండబాబు గోడ వైపు తిరిగిపోయాడు. “ఎల్లిపో,” అన్నాడు. అరవలేదు. “మళ్ళీ ఈ ఊరు రాకు.”

ధర్మేంద్ర లేచాడు. చెప్పులు వేసుకోవడానికి గుమ్మం బయట ఆగాడు. వంగి పట్టీ పెట్టుకుంటున్నాడు. లోపల్నించి మరిడమ్మ గొంతు వినిపించింది, నీరసంగా, మామూలుగా.

“కుసుమా, ఒక ముద్ద అన్నం ఎట్టే.”

గిన్నె మూత తీసిన చప్పుడు. గరిటె కంచానికి తగిలిన చప్పుడు. ఇప్పుడు తల్లి తింటూ ఉంటుంది, కూతురు పక్కన కూర్చుని ఉంటుంది. ఆమె బయటికి వస్తుందేమోనని అతను ఆ కాస్తసేపూ నిలబడ్డాడు.

రాలేదు. అతను నౌపడ రోడ్డెక్కాడు.