తొంభై దాటిన కోపం

విశాఖపట్నంలో ఇప్పుడు హత్యలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. కత్తి ఎత్తినవాడి చెయ్యి దిగేలోపే పైనుంచి అవతరణి అనే యంత్రం దిగుతుంది మరి!

దాన్ని కనిపెట్టిన డాక్టర్ వకుళ హార్బర్ జనానికి విడమరిచి చెప్పింది.

"పాత గ్రీకు నాటకాల్లో పగ ఓ పట్టాన ఆగదు. తండ్రిని చంపినవాణ్ణి కొడుకు చంపుతాడు, ఆ కొడుకుని ఇంకొకరు వెంటాడతారు. ఇక ఆగదనుకున్నప్పుడు తీర్పు చెప్పడానికి దేవతని క్రేన్‌కి కట్టి స్టేజీ మీదకి దించేవాళ్ళు. నాదీ అలాంటి క్రేనే. స్తంభాల మీది సెన్సర్లు మీ గుండె వేగం, ఊపిరిలో అడ్రినలిన్ కొలుస్తాయి. కోపం తొంభై దాటిందా, యంత్రం దిగి ఇద్దర్నీ పట్టేసి, రికార్డులన్నీ లాగి, ఐదు నిమిషాల్లో తీర్పిస్తుంది. అదే ఫైనల్."

"మరి నేను రెండుసార్లు కత్తెర పట్టుకెళ్ళినా రాలేదేటమ్మా?" అంది టైలర్ పైడితల్లి.

పాపం, ఆవిడ బాధ ఆవిడది. ఐస్ ఫ్యాక్టరీలో అమోనియా లీకై తండ్రి ఎర్రయ్య పోయి పంతొమ్మిదేళ్ళు. తాగి, వాల్వు వదిలేసి పడిపోయాడని ఓనర్ పరంధామయ్య రికార్డుల్లో రాయించేశాడు. ఆ మచ్చ చెరిగితే చాలు పైడితల్లికి. కోర్టులో మాత్రం వాయిదాల మీద వాయిదాలు.

"నీ కోపం నలభై దగ్గరే ఆగిపోతోందమ్మా."

"పంతొమ్మిదేళ్ళు కోర్టు మెట్లెక్కితే కోపమేటి మిగుల్తాది? నీరసం మిగుల్తాది."



మూడోసారి కత్తెర పట్టుకుని ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడింది పైడితల్లి. పరంధామయ్య టీ తాగుతూ ఆకాశంకేసి చూసి నవ్వాడు.

"మళ్ళీ వచ్చినావా? ఏదీ నీ దేవత? మీ నాయనా ఇంతే. తలుపు బాదడమే గానీ బద్దలు కొట్టే సత్తువేదీ?"

పైడితల్లి ఒక్క క్షణం ఆగింది.

"తాగి పడిపోయినోడు తలుపెలా బాదినాడు?"

పరంధామయ్య నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. విన్నాడన్నమాట! తాళం వేసి, బయట నిలబడి, అంతా విన్నాడన్నమాట! కత్తెర లేచింది. అబ్బ, ఏం కోపం అది! తొంభై ఏమిటి, సెన్సర్లకి అంకెలు చాల్లేదు. ధడేల్మని దిగింది అవతరణి.

"ఎర్రయ్య తాగలేదు," అంది యంత్రం, వీధంతా వినేలా. "గ్యాస్ సరుకు మీదికి రాకుండా, మనిషి లోపలుండగానే ఓనరే బయట తాళం వేశాడు. తలుపు కంప్యూటర్లో తాళం పడ్డ టైము ఉంది. ఇప్పుడు అతని నోటి మాటా ఉంది. యావజ్జీవం."

చేపలమ్మే ఆడవాళ్ళు గంపలు దించేసి ఈలలు వేశారు. "ఎర్రయ్య బంగారం!" అని అరిచారు. పైడితల్లి నడిరోడ్డు మీద కూలబడి తనివితీరా ఏడ్చింది, ఆ ఏడుపులోనే పకపకా నవ్వింది. గెలిచింది!

మర్నాడు పొద్దున్నే ఆవిడ షాపు ముందు బారెడు క్యూ. అందరివీ ఏళ్ళ తరబడి నలుగుతున్న కేసులే. కొబ్బరి కత్తితో ఓ రిటైర్డు మాస్టారు, కత్తిపీటతో ఓ బామ్మగారు. "కోపం ఎలా తెచ్చుకోవాలో నేర్పు తల్లీ" అని ఒకటే గోల. హత్యలు లేని నగరంలో హత్యకి తయారైనవాళ్ళు వీధి మలుపు దాకా ఉన్నారు.

ఇంతలో ఒకావిడ పక్కనుంచి మెల్లగా ముందుకొచ్చింది. డాక్టర్ వకుళ! హ్యాండ్‌బ్యాగులో కూరగాయల చాకు.

"నా డిజైన్ ఓ కంపెనీ కొట్టేసిందమ్మా. పధ్నాలుగేళ్ళుగా కేసు నడుస్తోంది. ఎంత తిట్టుకున్నా అరవై ఐదు దాటట్లేదు."

పైడితల్లి ఆవిణ్ణి ఎగాదిగా చూసింది.

"మీరైనా సరే డాక్టరమ్మా, లైన్లో రండి."