మొదటి గంప

రేపల్లె అవతల, కాలవ ఒడ్డున ఆ పొద్దున కూడా కోటేశ్వరి ఎప్పట్లాగే దొడ్లో వల పరిచి చేపలు ఎండబోస్తోంది. దొడ్డి మాత్రం తనది కాదు. వాటాల్లో తోడికోడలు అనురాధకు వచ్చింది. ఆవిడ మొగుడితో తెనాలి వెళ్ళి మేడ కట్టుకుంది. ఆ మేడ తలుచుకుంటేనే కోటేశ్వరికి ఒళ్ళు మండిపోతుంది. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం కదా, ఆవిడకి మేడా, నాకు చేపల కంపూనా?

పైగా రొయ్యల చెరువుల వాళ్ళు ఆ దొడ్డి బేరమాడుతున్నారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. దొడ్డి పోతే బతుకు పోయినట్టే. సొంతదారు అనుమతి లేకుండా, అందరికీ తెలిసేలా పన్నెండేళ్ళు పైబడి అనుభవించిన స్థలం తనకే దక్కుతుందని బాపట్ల ప్లీడరు చెప్పాడు. కోటేశ్వరి కంచె వేసుకుని పదిహేనేళ్ళయింది. ఇంకేం, నోటీసు పంపించేసింది.

ఆ నోటీసు పట్టుకుని అనురాధ ఆటో దిగింది.

"ఏంటే ఇది? నన్నొక్క మాట అడగకూడదా?"

"అన్నీ నీకే ఉన్నాయిగా అక్కా. ఈ ఇసక కూడా నిన్నే అడుక్కోవాలా?"

కోటేశ్వరి మొగుడు నాగశివ మెల్లిగా అందుకున్నాడు. "ఎవరి నేల మీద చేపలు ఎండితే వాళ్ళకి మొదటి గంప ఇవ్వాలని అమ్మ పెట్టిన ఆచారం. ఏటా వదినకి పంపుతూనే ఉన్నావుగా. అది బయటపడితే అనుమతితో ఉన్నట్టేనంట, కేసు నిలవదంట."

"పంపలేదని చెబుతా," అంది కోటేశ్వరి మొండిగా.

"చెప్పు. నాకు అందలేదనే నేనూ చెబుతాను," అంది అనురాధ. "ఈ దొడ్డి నేనెవరికీ అమ్మను, నువ్వే ఉంచుకో. కానీ నీ ఒక్కదానికే కుళ్ళనుకోకు. అత్తయ్య ఆఖరి దాకా నీ చేతి ముద్దే తింది. నా మేడకి రమ్మంటే, కోటేశ్వరి లేందే నాకు తోచదే అంది. నిన్ను చూస్తే ఎంత మండేదో నాకు. ఆ గంప వచ్చినప్పుడే నేనూ ఈ ఇంటి కోడల్నే అనిపించేది."

ఇన్నేళ్ళూ కోటేశ్వరి ఎవర్ని చూసి ఏడ్చిందో, ఆవిడ తనను చూసే ఏడ్చిందా? కళ్ళు తుడుచుకుని ప్లీడరుకి ఫోను కలిపింది.

"కేసు వద్దండి. పదిహేనేళ్ళూ మా అక్క అనుమతితోనే ఉన్నానండి."